స్టాండింగును బట్టి సైకిలు

నా ఉద్యోగం పర్మనెంటు కావడానికీ నా కాళ్ళ పొడుగుకీ సంబంధం ఉందని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఎవరైనా ముందే చెప్పి ఉంటే పదో తరగతిలోనే పెరగడం ఆపేసేవాణ్ణి.

నా పేరు కుడుపూడి సత్తిరాజు. గోదావరి కాలువ గట్టునున్న ఒక మునిసిపాలిటీలో జూనియర్ అసిస్టెంటుని. ఊరి పేరు చెప్పను, చెబితే మెమో ఇస్తారు. ఏళ్ళ తరబడి ఔట్‌సోర్సింగులో మగ్గి మగ్గి పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ఇంకా ప్రొబేషన్లోనే ఉన్నాను. ప్రొబేషను పూర్తయిందని కాగితం వస్తే ఉద్యోగిని, రాకపోతే మళ్ళీ వీధిలో మనిషిని.

ఆరడుగుల రెండంగుళాలుంటాను. ఆఫీసులో అందరూ 'సర్వి బాదు' అంటారు. మా మేనేజరు ముసునూరి భీమశంకరం గారు అయిదడుగులకి ఒకంగుళం తక్కువ. ఆయన టేబులు ముందు నేను నిలబడితే ఆయన తలెత్తి చూడాలి. మేనేజరన్నవాడు జూనియర్ అసిస్టెంటుని తలెత్తి చూడటం ఆఫీసు మర్యాద కాదు. అందుకని నా మీద రాసిన మొదటి రిపోర్టులోనే "పని బాగుగానే చేయును. నడుము వంగదు" అని రాశారు. ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

మా కమిషనరు గారు పోయినేడు ఏదో చల్లని దేశానికి ట్రైనింగుకి వెళ్ళారు. వెళ్ళేముందు ఆయనకి షుగరొక్కటే ఉండేది. వచ్చాక సైకిలు కూడా పట్టుకుంది. అక్కడి మేయరు ఆఫీసుకి సైకిలు మీద వస్తాడట. ఆ దేశం చల్లగా ఉంది, రోడ్డు నున్నగా ఉంది, మేయరు సన్నగా ఉన్నాడు. ఇవేవీ కమిషనరు గారి కంటబడలేదు. సైకిలొక్కటే కంటబడింది.

వారం తిరక్కుండా సర్క్యులరొచ్చింది. పురపాలక సిబ్బంది యావన్మందీ చక్రయాన చైతన్యంతో ప్రజలకు ఆదర్శప్రాయులు కావలెనని, అందుకుగాను ప్రతి ఒక్కరికీ ఒక రోడ్ బైకు కేటాయించబడునని, ప్రతి సోమవారం సిబ్బంది సైకిలుతో కార్యాలయమునకు హాజరు కావలెనని. రోడ్ బైకంటే మామూలు సైకిలు కాదు. పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగిన హ్యాండిలు, వేలెడంత టైర్లు. క్యారియరు లేదు, బెల్లు లేదు, స్టాండు అసలే లేదు. సర్క్యులరు చదివి వినిపించడానికి పెట్టిన సమావేశంలో బొమ్మ చూసి మా అటెండరు గవర్రాజు "మరి టిఫిను క్యారేజీ ఎక్కడ తగిలించాలండీ?" అని అడిగాడు. ఆ సమావేశం మొత్తంలో అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

సర్క్యులరు చివర్లో నాకోసమే రాసినట్టు ఒక వాక్యం ఉంది. ప్రొబేషన్లో ఉన్నవారు తమకు కేటాయించిన సైకిలుపై ఆఫీసు నుంచి కాలువ లాకుల దాకా వెళ్ళి, తిరిగి గంటలోగా చేరుకున్నచో మాత్రమే ప్రొబేషను పూర్తయినట్లు ప్రకటించబడును. పక్కన సంబంధిత పై అధికారి తన సైకిలుపై వెంట ఉండి పర్యవేక్షించవలెను. ఆఫీసులో ప్రొబేషన్లో ఉన్నది నేనొక్కణ్ణే. నా పై అధికారి భీమశంకరం గారు.

ఇంటికెళ్ళి మా ఆవిడ సత్యవేణికి చెప్పాను.

"సైకిలేగా, తొక్కేత్తారు లెండి. చిన్నప్పుడు పాలు పోసేవోరు కదా?" అంది ధీమాగా.

నేనూ అలాగే అనుకున్నాను.

అసలు తిరకాసు కంపెనీ వాళ్ళ ఉత్తరంతో మొదలైంది. ఫ్రేమంటే సైకిలు మధ్యలో ఉండే గొట్టాల చట్రం. అది నలభై ఆరు సెంటీమీటర్ల నుంచి అరవై దాకా సైజుల్లో దొరుకుతుందట. ప్రతి మనిషికీ ఆ మనిషి 'స్టాండింగును బట్టి' సైజు ఎంచుకుని తమకు తెలపాలని రాశారు. పాపం వాళ్ళ ఉద్దేశం మనిషి నిలబడితే ఎంత ఎత్తుంటాడని. కానీ మా ఆఫీసులో స్టాండింగంటే నిలబడటం కాదు, సర్వీసు. ఫలానావాడికి ఇరవయ్యేళ్ళ స్టాండింగుంది అంటాం. ఆ ఇరవయ్యేళ్ళూ వాడు కూర్చునే ఉండొచ్చు.

సమావేశం పెట్టారు. మినిట్సు రాయడానికి నన్ను మూలన కూర్చోబెట్టారు.

"స్టాండింగన్నారు కాబట్టి స్టాండింగు కమిటీకి పెట్టమంటారాండీ?" అన్నారు మేనేజరు గారు.

"కమిటీకి పెడితే వాళ్ళూ సైకిళ్ళడుగుతారయ్యా. ఇది సర్వీసు స్టాండింగే. ఎవరి హోదాకి తగ్గ సైజు వారికి," అన్నారు కమిషనరు గారు. "సమంజసంగానే ఉంది. పై అధికారికి పెద్దది, కింది వాడికి చిన్నది. కంపెనీ వాళ్ళకీ పరిపాలన మీద మంచి అవగాహన ఉన్నట్టుంది."

ఆ కంపెనీ తరపున విజయవాడ నుంచి వచ్చిన జాహ్నవి అనే అమ్మాయి అక్కడే కూర్చుని ఉంది. కంగారుగా చెయ్యెత్తింది.

"సార్, అది కాదు సార్. చెప్పుల్లేకుండా గోడకానుకుని నిలబడాలి. కాళ్ళ మధ్య ఒక పుస్తకం పైకంటా జరిపిపెట్టి, నేల నుంచి పుస్తకం అంచు దాకా కొలవాలి. అది కాలి పొడుగు. దాన్నిబట్టి ఫ్రేము సైజు."

గదిలో అందరూ ఒకసారి ఎవరి కాళ్ళ వంక వాళ్ళు చూసుకున్నారు.

"ఏం పుస్తకం?" అన్నారు కమిషనరు గారు.

"ఏదైనా పర్లేదు సార్. గట్టి అట్ట ఉంటే చాలు."

"మన దగ్గర మునిసిపల్ చట్టం ఉందండి. గట్టి అట్టే," అన్నారు మేనేజరు గారు సాయం చేస్తున్నట్టు.

"చట్టాన్ని కాళ్ళ మధ్య పెట్టుకోమంటావా?" కమిషనరు గారి గొంతు లేచింది. మేనేజరు గారు ఉన్న ఎత్తులో మరో అర అడుగు తగ్గారు.

అమ్మాయి మాత్రం తగ్గలేదు. "సార్, ఫ్రేము పెద్దదైతే కాళ్ళు నేలకందవు. ఆగినప్పుడు పై గొట్టం తగలరాని చోట తగులుతుంది. చిన్నదైతే మోకాళ్ళు, నడుము పాడవుతాయి. అందరికీ ఇది మొదటి రోడ్ బైకు. మొదటిదే తేడా వస్తే మళ్ళీ జన్మలో ఎక్కరు సార్. ఇదుగో, ఈయనున్నారు కదా." నన్ను చూపించింది. "ఒక్కసారి లేవండి సార్. చూడండి, ఈయనకి యాభై ఎనిమిదికి తగ్గకూడదు."

నేను లేచి నిలబడ్డాను.

"యాభై ఎనిమిదా! జూనియర్ అసిస్టెంటుకా!" మేనేజరు గారు అదిరిపడ్డారు. "యాభై ఎనిమిది మేనేజరు సైజమ్మా!"

"నువ్వు కూర్చోవయ్యా ముందు," అన్నారు కమిషనరు గారు నాతో. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, పసిదానికి ఎక్కాలు చెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా. ప్రభుత్వంలో కుర్చీకి చేతులుండాలా వద్దా అనేది మనిషికి చేతులున్నాయా లేదా అని చూసి నిర్ణయించం. హోదా చూసి నిర్ణయిస్తాం. అటెండరుకి స్టూలేశాం. నాకు టవలేసిన కుర్చీ వేశారు. అంత మాత్రాన అటెండరుకి వీపు లేదనా?"

"కుర్చీ కదలదు కదా సార్. సైకిలు కదలాలి."

"ఫైలు కూడా కదలాలమ్మా. కదులుతోందా? వ్యవస్థ నడవట్లేదూ?"

ఆ అమ్మాయి తన కాగితాలు సర్దేసుకుంది.

అలా హోదాల వారీగా సైజులు ఖరారయ్యాయి. నాకు నలభై ఆరు. మేనేజరు గారికి యాభై ఎనిమిది. కంపెనీ సైజులు అరవైతో అయిపోతాయని తెలిసి కమిషనరు గారు తనకి అరవై రెండు ప్రత్యేకంగా చేయించమన్నారు. ఆయన నిజానికి మా ఊళ్ళో బట్టల కొట్టు అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మంత మనిషి, సగటు ఎత్తు. హోదా మాత్రం ఆకాశమంత.

సైకిళ్ళొచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, హ్యాండిళ్ళకి బంతిపూలు చుట్టి పంచారు. కమిషనరు గారు తన అరవై రెండుని ఎక్కలేదు. దాన్ని కారు పైన తాళ్ళతో కట్టించారు. అప్పట్నించీ ప్రతి సోమవారం ఆయన సైకిలుతోనే ఆఫీసుకొస్తున్నారు. సైకిలు కారు పైన, ఆయన కారు లోపల. సర్క్యులర్లో సిబ్బందికి 'సైకిలుతో' అని రాసి ఉంది. 'సైకిలుపై' అని రాసింది ప్రొబేషనరుకీ, వాడి పై అధికారికీ మాత్రమే. కమిషనరు గారికి భాష మీద ఎంత పట్టో అప్పుడర్థమైంది.

నా నలభై ఆరుని వీధిలో ఎక్కి చూపించాను. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే ఏమిటో ఆ రోజు నాకు ప్రత్యక్షమైంది. తొక్కిన ప్రతిసారీ మోకాలొచ్చి గడ్డానికి కొట్టుకుంటోంది. మోకాళ్ళు పక్కలకి చాపి తొక్కితే హ్యాండిలు తిరగట్లేదు.

సత్యవేణి గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేకపోయింది. "సర్కసులో ఎలుగుబంటికైనా ఇంతకంటే పెద్దదిత్తారండీ బాబూ!"

"నవ్వకే. గంటలో లాకుల దాకా వెళ్ళి రావాలి."

ఆ మాటతో నవ్వాగిపోయింది. "దీని మీదే ఎళ్ళాలా? ఏరేదాని మీద ఎళితే ఒప్పుకోరా?"

"కేటాయించిన దాని మీదే."

ఆవిడ చీర కొంగుతో నా గడ్డానికంటిన ఆయిలు తుడిచింది. నాకు అప్పుడు భయమేసింది. మా ఆవిడ వెటకారం మానేసిందంటే విషయం నిజంగానే బాలేదన్నమాట.

సీటు ఎంత పైకి లేస్తే అంత పైకి లేపాను. అప్పుడు హ్యాండిలు పాతాళంలోకి పోయింది. తల కింద, నడుము పైన. అలా వంగి ఆఫీసు ఆవరణలోకి వస్తుంటే మేనేజరు గారు వరండాలోంచి చూసి సంబరపడ్డారు. "ఇప్పుడు వంగిందయ్యా నడుం!"

ఆయన అవస్థ చెబితే పాపం వస్తుంది గానీ చెప్పక తప్పదు. యాభై ఎనిమిది ఎక్కాలంటే ఆయనకి స్టూలు కావాలి. గవర్రాజు స్టూలేసి, సైకిలు పట్టుకుని, మేనేజరు గారిని పైకెక్కించి, ఒక తోపు తోసేవాడు. సైకిలు వెళుతున్నంతసేపూ బాగానే వెళ్ళేది. దిగడమే ఉండేది కాదు. పాదం నేలకి జానెడు పైన వేలాడుతూ ఉంటే ఎలా దిగుతారు? దిగాలంటే గోడ కావాలి. గోడ పక్కకి తీసుకెళ్ళి, చెయ్యి ఆనించి, ఎవరైనా వచ్చేదాకా అలాగే ఉండేవారు. ఊళ్ళో ఏ గోడ ఎక్కడుందో టౌన్ ప్లానింగు వాళ్ళకంటే ఆయనకే బాగా తెలిసిపోయింది.

ఒకనాడు పోస్టాఫీసు గోడకి అలా ఆనుకుని ఉండగా నేనే దింపాను.

"సార్, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. మీ సైకిలు నాకు సరిగ్గా సరిపోతుంది. నాది మీకు సరిపోతుంది. మార్చుకుంటే పోలా?"

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "నీకేమైనా మతి పోయిందా సత్తిరాజూ? మేనేజరు నలభై ఆరెక్కితే ఏమంటారు? రివర్షనిచ్చి కింది ఉద్యోగంలోకి దింపారంటారు. వచ్చే ఏడు రిటైరవుతున్నాను. రిటైరయ్యే ముందు జూనియర్ అసిస్టెంటు సైజులోకి దిగమంటావా? మా బావమరిది బతకనిస్తాడా నన్ను?"

"పడితే ఎముకలు విరుగుతాయండి."

"ఎముకలతుక్కుంటాయయ్యా. హోదా అతుక్కోదు," అన్నారు. ఆ మాట మాత్రం ఎంతో నిజాయితీగా అన్నారు.

ఇక లాభం లేదని అర్జీ పెట్టుకున్నాను. నా ఎత్తు ఇంత, నాకిచ్చిన ఫ్రేము ఇంత, దయచేసి మార్చగలరు అని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. 'అర్జీదారుడు తన ఎత్తును పదే పదే ప్రస్తావించుట ద్వారా తనకన్న తక్కువ ఎత్తు గల పై అధికారులను కించపరచినట్లు భావించవలసి వచ్చుచున్నది' అని మెమో ఇచ్చారు.

నా అర్జీ సంగతి తెలిసి యూనియన్ అధ్యక్షుడు చిక్కాల అప్పలస్వామి ఊగిపోయాడు. నా తరఫున కాదు. చిన్న ఫ్రేమంటే చిన్నచూపేననీ, ఇది కింది ఉద్యోగుల సైజు కుదించే కుట్రనీ ఆఫీసు గేటు ముందు టెంటేశాడు.

"నువ్వు అయిదడుగుల రెండేగా బాబాయ్, నీకిచ్చిన నలభై ఎనిమిది సుబ్బరంగా సరిపోద్ది కదా?" అన్నాను.

"సరిపోద్ది. అయితే మాత్రం? సరిపోయిందని ఊరుకుంటే రేపు ఇంకోటి కూడా సరిపోద్దంటారు. మాకు యాభై రెండు కావాల!" అన్నాడు.

రెండో రోజుకి రిటైరైన వాళ్ళు కూడా టెంటులోకొచ్చారు. తాము సర్వీసులో ఉండి ఉంటే ఏ సైజు వచ్చేదో ఆ సైజు తమకు ఊహాత్మకంగానైనా మంజూరు చేయాలని వాళ్ళ డిమాండు. కమిషనరు గారు చర్చలకి పిలిచి, ఒకే కేడరులో ఎనిమిదేళ్ళు మగ్గిన వాళ్ళకి ఒక సైజు పెంచారు. రిటైరైన వాళ్ళకి సైకిలు లేకుండా సైజు మాత్రం మంజూరు చేశారు. అందరూ దండలేసుకున్నారు. ఆ తర్వాత సోమవారం బిల్లు కలెక్టర్లు హ్యాండిలందక పొట్ట మీద పడుకుని తొక్కుకుంటూ వచ్చారు. ఇద్దరికి చేతులు విరిగాయి, ఒకాయనకి చెప్పుకోలేని చోట దెబ్బ తగిలింది. అయినా సైజు వెనక్కిస్తామని ఒక్కడంటే ఒక్కడు అనలేదు.

ప్రొబేషనరుకి స్టాండింగు లేదు కాబట్టి నాకేమీ పెరగలేదు.

నా పరీక్ష రోజు రానే వచ్చింది. ఆఫీసు ముందు షామియానా, మైకు, ఇద్దరు విలేఖర్లు. సత్యవేణి పొద్దున్నే లేచి పెసరట్లు వేసింది గానీ నేను ప్లేటు పక్కకి జరిపేశాను. "ఏం పర్లేదండీ, పూర్తి చేసి వచ్చెయ్యండి చాలు," అని మాత్రం అంది. కమిషనరు గారు పచ్చజెండా ఊపారు. గవర్రాజు మేనేజరు గారిని తోశాడు. నేను మోకాళ్ళతో గడ్డం వాయించుకుంటూ వెనకాల బయల్దేరాను.

కాలువ గట్టు మీద రోడ్డు నున్నగా ఉంది. గాలి కూడా వెనక నుంచే కొడుతోంది. లాకుల దాకా ఎలాగో వెళ్ళాం. అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ, లాకుల దగ్గర వెనక్కి తిరగాలని. తిరగాలంటే ఆగాలి, ఆగాలంటే గోడ కావాలి. కాలువ గట్టున గోడెక్కడుంటుంది?

"సత్తిరాజూ! గోడ! గోడేదయ్యా!" అని అరుస్తూనే మేనేజరు గారు సైకిలుతో సహా కాలువలోకి దిగిపోయారు.

అదృష్టం బాగుండి ఆ చోట గుర్రపుడెక్క మంచంలా అల్లుకుని ఉంది. నీళ్ళు కూడా నడుం లోతే. నడుమంటే నాది. ఆయనకి గొంతు దాకా ఉన్నాయి. నేను దూకి, ముందు ఆయన్నీ, తర్వాత సైకిల్నీ గట్టుకి లాగాను. ఆయన చెవి మీద ఊదారంగు పువ్వొకటి ఉండిపోయింది. ఒణికిపోతున్నారు.

నాకు మాత్రం టైము మీదే ఉంది ధ్యాస. సగం పైనే అయిపోయింది. పర్యవేక్షణాధికారి వెంట లేకుండా నేనొక్కణ్ణీ వెళితే పరీక్ష చెల్లదు. ఆయన్ని ఎక్కించడానికి ఇక్కడ స్టూలు లేదు, గవర్రాజు లేడు. నేను పట్టుకుని ఎక్కించినా ఆయన చేతులు హ్యాండిలు మీద నిలవడం లేదు.

"సార్, మీరు నాది ఎక్కండి, ఊరి మొదట్లో మళ్ళీ మార్చుకుందాం. నాకు వేరే దారి లేదు. ఉద్యోగం పోతుందండి."

ఆయన అటూ ఇటూ చూశారు. "ఎవరూ లేరు కదా?"

"గేదెలున్నాయండి."

"గేదెలకి కేడరు తెలీదులే," అని నా సైకిలెక్కారు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. సీటు దించాం. ఆయన పాదాలు నేల మీద ఆనాయి. రెండూ! ఆయన కిందికి చూసుకుని, మళ్ళీ నా వంక చూసి, నోరు తెరిచి నవ్వారు. నేను సీటు లేపుకుని యాభై ఎనిమిది ఎక్కాను. కాలు కింది దాకా చాచితే చాచుకుంది. మోకాలు మోకాలి చోటే ఉంది, గడ్డం గడ్డం చోటే ఉంది. నాలుగు తొక్కులు తొక్కేసరికి సైకిలు నా కింద ఉన్నట్టే లేదు. ఆ కంపెనీ అమ్మాయికి ఆ క్షణంలో మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మేనేజరు గారు నా పక్కనే, ఒళ్ళంతా తడిసి, చెవిలో పువ్వుతో, "హోయ్! హోయ్!" అంటూ తొక్కుతున్నారు. "సత్తిరాజూ, ఇది సైకిలయ్యా! ఇన్నాళ్ళూ నేనెక్కింది సైకిలు కాదు, పాడె!" అని అరిచారు. నాకాయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

అలా నవ్వుకుంటూ, పందెమేసుకుంటూ, గంటకి పది నిమిషాలు ముందే ఆఫీసు ముందుకొచ్చి ఆగాం. నవ్వులో పడి, ఊరి మొదట్లో సైకిళ్ళు మళ్ళీ మార్చుకోవాలన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.

చప్పట్లు మొదలై ఆగిపోయాయి. విలేఖరి ఫోటో తీశాడు. కమిషనరు గారు మైకులో ఏదో అనబోయి, మేనేజరు గారి కింద ఉన్న నలభై ఆరుని చూసి, మైకు కట్టేశారు.

విచారణ వేశారు. ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక విచారణాధికారి వచ్చారు. రెండు సైకిళ్ళనీ టేబులు మీదికెక్కించి, ముందు మేనేజరు గారిని అడిగారు.

"మీరు స్వచ్ఛందంగా నలభై ఆరు ఎక్కారా? ఎక్కితే కింది కేడరుకు మీరు అంగీకరించినట్టే. ఆ మేరకు మీ హోదా సవరించాల్సి ఉంటుంది. ఆలోచించుకుని చెప్పండి."

మేనేజరు గారు నా ముఖం చూడలేదు. నా మోకాళ్ళ దగ్గరే చూపాపారు. "నేను ఎక్కలేదండి. కాలువలో పడి తెలివి లేని స్థితిలో ఉండగా సత్తిరాజు నా ఫ్రేముని ఆక్రమించుకున్నాడండి. నన్ను తనదాని మీద కూర్చోబెట్టాడండి."

"నవ్వుతూ తొక్కినట్టు ఫోటోలో ఉంది."

"అది నవ్వు కాదండి. చలి."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆయన్ని గుర్రపుడెక్కలోంచి లాగిన చేతులు ఇంకా దురద పెడుతున్నాయి. అదే చేతుల్తో మళ్ళీ తీసుకెళ్ళి కాలువలో పడెయ్యాలనిపించింది. బయటికొచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకుని "ఏం చెయ్యనయ్యా, ఒక్క ఏడాదుంది," అన్నారు. నేను చెయ్యి లాక్కున్నాను.

విచారణాధికారి నివేదికలో తర్కం మాత్రం ఎక్కడా తప్పలేదు. సైకిళ్ళు టెండరు పిలిచి కొన్నవి. ఆడిట్ అయినవి. కనుక సైకిళ్ళలో తప్పుండే అవకాశం లేదు. కేడర్ల పట్టిక కమిషనరు గారు ఆమోదించినది. కనుక పట్టికలోనూ తప్పుండదు. ఫ్రేముకీ మనిషికీ పొంతన కుదరడం లేదంటే లోపం మనిషిలోనే ఉండి తీరాలి. ఎలాగూ 'ఆక్రమణ' అనే మాట రానే వచ్చింది కాబట్టి ఫైలు టౌన్ ప్లానింగు వాళ్ళకి వెళ్ళింది. మా మునిసిపాలిటీలో మెయిన్ బజారు మురుగు కాలువ మీద మూడంతస్తులు కట్టిన వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళరు. నా జోలికి మాత్రం టేపు పట్టుకుని వచ్చారు.

పాదం నుంచి నడినెత్తి దాకా కొలిచి నోటీసిచ్చారు. 'జూనియర్ అసిస్టెంటు కేడరుకు, నలభై ఆరు ఫ్రేముకు అనుమతించదగిన ఎత్తు అయిదడుగుల మూడంగుళములు. మీరు అనుమతి లేకుండా పదకొండు అంగుళములు అదనముగా లేచియున్నారు. మూడు నెలలలోగా అట్టి అదనపు ఎత్తును తొలగించుకొన్నచో సైకిలు పరీక్ష పూర్తయినట్లు భావించబడును, లేనిచో ప్రొబేషను రద్దు చేయబడును.'

నేను కమిషనరు గారి గదికి పరిగెత్తాను. "సార్, ఎత్తెలా తొలగించుకుంటాను సార్? పుట్టుకతో వచ్చింది కదా!"

"పుట్టుకతో వచ్చిందంటే అనుమతి తీసుకోలేదనేగా అర్థం?" అన్నారాయన ఫైలు మీంచి తలెత్తకుండా. తర్వాత ఏమనుకున్నారో, కాస్త మెత్తబడ్డారు. "చూడు సత్తిరాజూ. కూలగొట్టమని మేం అనలేదు. అదనంగా కనపడకూడదు, అంతే. ఈ ఊళ్ళో అందరూ ఏం చేస్తున్నారు? తనిఖీ రోజున సర్దుకోవడం లేదూ?"

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. సత్యవేణి పక్కన కూర్చుంది. "మానేద్దారి, ఎదవ ఉద్యోగం," అని ఒకసారంది. కాసేపటికి తనే, "మానేత్తే ఏం తింటాం," అంది. ఆ రెండు మాటల మధ్యే మా సంసారమంతా ఉంది.

మర్నాటి నుంచి సాధన మొదలెట్టాను. ముందు మెడ, తర్వాత భుజాలు, తర్వాత నడుము, చివరికి మోకాళ్ళు. ఆఫీసులో అలాగే నడిచాను, అలాగే ఫైళ్ళు మోశాను. మొదట్లో నవ్విన వాళ్ళు రెండో నెలకి నవ్వడం మానేశారు. రికార్డు రూము గుమ్మం నా నుదుటికి తగలడం మానేసింది. మేనేజరు గారి టేబులు ముందు నిలబడితే ఆయన తలెత్తకుండానే నా కళ్ళలోకి చూడగలిగేవారు, చూసేవారు కాదు గానీ.

తనిఖీ రోజున టేపు పెట్టారు. అయిదడుగుల మూడంగుళాలు, సరిగ్గా. టౌన్ ప్లానింగు ఆయన రెండోసారి కొలిచి, "ప్లాను దాటి ఒక్క అరంగుళం కూడా డీవియేషను లేదు. ఊళ్ళో ఇలాంటి కట్టడం ఇదొక్కటే," అని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే ప్రొబేషను పూర్తయినట్టు ఉత్తర్వులిచ్చారు. మేనేజరు గారు నా రిపోర్టులో పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశారు. 'నడుము వంగును.'

కమిషనరు గారు స్వయంగా పిలిచి అభినందించారు. "ఎదుగుదలంటే ఇదయ్యా. ఇంకో ఎనిమిదేళ్ళకి సీనియర్ అసిస్టెంటువవుతావు. అప్పుడు నీ ఫ్రేమూ పెరుగుతుంది, రెండంగుళాలు పైకి లేవడానికి అనుమతిస్తాం. తర్వాత సూపరింటెండెంటు, ఇంకో మూడు. మేనేజరయ్యే నాటికి మొత్తం ఆరడుగుల రెండూ నీవే. దర్జాగా నిలబడొచ్చు."

ఉత్తర్వు జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి సత్యవేణికిచ్చాను. చదివి కళ్ళకద్దుకుంది. కమిషనరు గారన్న మాటా చెప్పాను, మేనేజరయ్యాక నిటారుగా నిలబడొచ్చట అని.

సత్యవేణి నా వంక ఎగాదిగా చూసింది. ఎగా అక్కర్లేదు, దిగా చాలు ఇప్పుడు.

"ఇల్లే కదండీ ఇది, ఇక్కడెవరు కొలుత్తారు? ఒక్కసారి నిలబడండి, చూత్తాను."

నిలబడబోయాను. నడుము దగ్గర ఏదో పట్టేసింది. గోడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాను.

"ఊరుకోండి," అంది సత్యవేణి, నా వీపు మీద చెయ్యేసి. "అనుమతొచ్చేనాటికి మీకు నిలబడ్డం రాదులెండి."